మా కావలి షెడ్డులో ఒక కేసు: మెకానిక్ పని పిల్లోడి జీవితానికి చాలుద్దా?

2025 జూన్‌లో ఒకాయన మా షెడ్డుకొచ్చి టైర్ల పక్కన బల్ల మీద కూర్చుని నేరుగా అడిగాడు, "అన్నా, మావోడికి ఈ పని జీవితానికి చాలుద్దా, లేకపోతే శ్రీసిటీలో కంపెనీకి పంపించేదా, వాళ్ళ మేనమామ రోజూ ఫోన్ చేస్తన్నాడు" అని. వాళ్ళబ్బాయి అప్పటికి మూడున్నరేళ్ళుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. నేను 1996 నుంచి ఇదే పనిలో ఉన్నా, పదేళ్ళు హెల్పర్‌గా, ఆ తర్వాత నుంచి సొంత షెడ్డు, కార్లు, పికప్పులు, చిన్న లోడు బండ్లు చూస్తాం. అంత అనుభవం ఉండి కూడా ఆయనకి ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయా. టీ తాగించి, ఆలోచించి చెప్తాలే తమ్ముడూ అని పంపించేశా.

ఆ నెల్లోనే ఒక బండి వచ్చింది. ఆ బండి పని అయ్యేసరికి ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలిసింది, అందుకే బండి కేసు, పిల్లోడి కేసు రెండూ కలిపి రాస్తున్నా. పిల్లల్ని ఈ లైన్లోకి పంపాలా వద్దా అనుకునే తల్లిదండ్రులకి, ఐటీఐ చదివే కుర్రాళ్ళకి, నాలాంటి షెడ్డు వాళ్ళకి పనికొస్తుందని.

బండి సంగతి

2021 మోడల్ డీజిల్ పికప్, బీఎస్ 6 (పొగ తగ్గించే కొత్త రూలు) బండి, మీటర్ మీద 94 వేల కిలోమీటర్లు. ఓనరు కావలి నుంచి అల్లూరు వైపు రొయ్యల గుంటలకి మేత బస్తాలు తోలతాడు. కంప్లైంట్ ఏందంటే డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) లైటు, ఆ తర్వాత ఇంజిన్ లైటు, లాగుడు చచ్చిపోయి స్పీడు 40 దాటట్లేదు. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఒక పది నిమిషాలు బాగుంటది, మళ్ళీ అదే కథ.

మా దగ్గరికొచ్చే ముందు రెండున్నర నెల్లు మూడు చోట్ల తిరిగాడు. ఒకచోట డీజిల్ ఫిల్టర్ మార్చి, ఇంజిన్ కంప్యూటర్ చూపించే తప్పు నంబరు (కోడ్) చెరిపేశారు, నాలుగు రోజులకే లైటు మళ్ళీ వచ్చింది. రెండోచోట పీ2453 కోడ్ చూసి డీపీఎఫ్ ప్రెజర్ సెన్సార్ మార్చారు, వారం ఆగి మళ్ళీ వచ్చింది. మూడోచోట డీపీఎఫ్ మొత్తం కోసేసి ఖాళీ పైపు పెట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్)లో ఆఫ్ చేయిస్తాం, పీడా పోతది అన్నారంట. అప్పటికే 31 వేలు ఖర్చయింది. కొత్త డీపీఎఫ్ ఎంతని కనుక్కుంటే లక్ష దాటింది. ఓనరు నా దగ్గరికొచ్చి "అన్నా, కోయించేదా వద్దా, నువ్వు ఏం చెప్తే అది" అన్నాడు.

కోయించొద్దని గట్టిగా చెప్పా. కంపెనీ ఇచ్చిన ఎమిషన్ సామాన్లు పీకేస్తే మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తప్పు, అదీగాక ఆ పొగ పీల్చేది మన పిల్లలే. కానీ నిజం చెప్పాలంటే డీపీఎఫ్ పోయిందనే నేనూ అనుకున్నా. మార్చక తప్పదేమోనని లెక్క కూడా వేస్తున్నా మనసులో.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే జల్లెడ, డీజిల్ మసిని పట్టుకుంటది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చాక డీజిల్ కార్లు, పికప్పులు దాదాపు అన్నిట్లో ఇది ఉంది. జల్లెడ నిండుతుంటే ఈసీయూ కొంచెం డీజిల్ అదనంగా కొట్టించి లోపల వేడి 600 డిగ్రీల దాకా లేపి ఆ మసిని కాల్చేస్తది, దాన్నే రీజెన్ అంటాం. అయితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కి ఉంటేనే ఈసీయూ ఆ పనికి ఒప్పుకుంటది. ఇక్కడే ఉంది కిటుకంతా.

పిల్లోడు ఏం చేశాడు

బండి రాత్రి మా దగ్గరే ఉంచమన్నాం. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలని వాడు ఏడింటికే వచ్చాడు. నేను స్కానర్ (కోడ్స్ చదివే మిషను) తీసుకురమ్మంటే "ఆగన్నా, ముందు ఆయిల్ చూద్దాం" అని డిప్‌స్టిక్ లాగాడు. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి వేలు మందం పైకి ఉంది. వాసన చూస్తే డీజిల్. రీజెన్ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంటే ఆ అదనంగా కొట్టిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తది, అందుకే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇట్టాగే ఇంకో రెండు నెల్లు తిప్పి ఉంటే బేరింగులు పోయి ఇంజిన్ దించాల్సొచ్చేది, ముందు ఉన్న మూడు చోట్లా ఎవరూ డిప్‌స్టిక్ లాగి చూడలేదు.

తర్వాత బండి స్టార్ట్ చేసి రేడియేటర్ గొట్టాల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చల్లటి ఇంజిన్‌లో థర్మోస్టాట్ వాల్వ్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వ్) మూసుకుని ఉంటది కాబట్టి ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ గొట్టం చల్లగానే ఉండాలి, వాల్వ్ తెరుచుకున్నాక ఒక్కసారిగా కాలాలి. ఈ బండికి స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల నుంచే గొట్టం కొంచెం కొంచెంగా గోరువెచ్చబడటం మొదలైంది. "అన్నా, నీళ్ళు మొదటి నుంచీ తిరుగుతున్నాయి, వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నా, లేకపోతే లోపల వాల్వే లేదు" అన్నాడు.

అప్పుడు స్కానర్ పెట్టాం. పీ2463 ఉంది, మసి నిండిందని. కానీ వాడు పెండింగ్ కోడ్స్ (ఇంకా ఖాయం కాని తప్పులు) పేజీ కూడా తెరిచాడు, అక్కడ పీ0128 ఉంది, కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) ఉండాల్సిన వేడికి చేరట్లేదని. ముందు చూసినవాళ్ళు ప్రతిసారీ కోడ్స్ చెరిపేయడంతో అది ముదిరి పైకి వచ్చే అవకాశమే లేకుండా పోయింది. లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా స్కానర్లో వచ్చే అంకెలు, పెట్టుకుని హైవే మీద ముసునూరు టోల్‌గేట్ వైపు పోయొచ్చాం. 80 డిగ్రీలు దాటి నిలబడాల్సిన కూలెంట్ వేడి 61 దగ్గరే ఊగుతుంది. ఇంకేం కావాలి.

థర్మోస్టాట్ ఉండే హౌసింగ్ విప్పితే లోపల వాల్వ్ లేదు.

మా షెడ్డులో ఒక నోట్‌బుక్ ఉంటది, ప్రతి బండి నంబరు, కిలోమీటర్లు, చేసిన పని అందులో రాస్తాం. పిల్లోడు పాత పుస్తకాలు తీసి బండి నంబరు వెతికాడు. 2023 మే నెల పేజీలో నా చేతిరాతతో ఉంది: "హీట్ అవుతుంది. రేడియేటర్ జామ్. వాల్వ్ తీశాం. రేడియేటర్ బాగు చేయించాక పెట్టాలి." అప్పుడు ఆ బండి ఉదయగిరి నుంచి లోడుతో వస్తా రోహిణి కార్తె ఎండలో హీటెక్కి నా దగ్గరికొచ్చింది, ఓనరుకి ఆగే టైం లేదు, నేను వాల్వ్ పీకి పంపించా. మా మేస్త్రీ నాకు నేర్పింది అదే, ఎండాకాలం హీట్ అవుతుంటే వాల్వ్ తీసెయ్. పాత డీజిల్ ఇంజిన్లకి అట్టా చేస్తే మైలేజి తగ్గి, లోపల అరుగుదల పెరిగేది, కానీ బండి ఆగేది కాదు కాబట్టి తప్పని ఎవరికీ తెలిసేది కాదు. ఈ బండి కూడా దూరాలు లోడుతో తిరిగినన్నాళ్ళు ఎట్టాగో వేడి తెచ్చుకుని నెట్టుకొచ్చింది. కిందటేడు నుంచి మేత లోడుకి మారి పన్నెండు పదిహేను కిలోమీటర్ల ట్రిప్పులే అయ్యేసరికి ఇంజిన్ ఎప్పుడూ వేడెక్కలేదు, రీజెన్ ఒక్కటి కూడా పూర్తి కాలేదు.

ఓనరుని కూర్చోబెట్టి ఆ పేజీ చూపించి జరిగింది చెప్పా. తప్పు నాది, కూలీ తీసుకోను అన్నా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, బండి బాగు చెయ్యన్నా" అన్నాడు.

రేడియేటర్ దించి శుభ్రం చేయించాం. ఈ ప్రాంతంలో బోరు నీళ్ళు ఉప్పు, కూలెంట్ బదులు ఆ నీళ్ళు పోస్తే లోపల సున్నంలా గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి, ఆ బండికీ అదే జరిగింది. కొత్త వాల్వ్, కొత్త కూలెంట్, ఆయిలు ఫిల్టరు. ఆయిల్ మార్చాకే స్కానర్‌తో రీజెన్ పెట్టాం, అదీ మసి మరీ హద్దు దాటలేదని చూసుకుని, ఎందుకంటే ఎక్కువ మసి మీద బలవంతంగా కాలిస్తే లోపలి సెరామిక్ పగిలిపోతది. బండిని ఖాళీ స్థలంలో సిమెంటు నేల మీద పెట్టి, వెనకాల ఎండుగడ్డి లేకుండా చూసి, అరగంట దగ్గర్లో పూర్తయింది. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ ఇంకోసారి మార్చాం. సామాన్ల ఖర్చు అంతా కలిపి పదివేల లోపే. పదిహేను రోజులకొకసారి ఖాళీగా అయినా సరే హైవే మీద అరగంట ఒకే స్పీడులో తోలమని చెప్పా. ఇప్పటికి ఆరు నెల్లు దాటింది, లైటు రాలేదు.

పిల్లోడు ఎందుకు పట్టుకోగలిగాడు

ఇది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం నాది, నాకు తట్టలేదు, వాడికి తట్టింది. వాడిది నాకంటే చురుకైన చెయ్యి కాదు, క్లచ్ ప్లేట్ మార్చడంలో ఇప్పటికీ నాకంటే గంట వెనక. తేడా ఏందంటే వాడు కూలింగ్ సిస్టమ్ ఎట్టా పనిచేస్తదో ఐటీఐలో చదువుకుని వచ్చాడు, మోటార్ మెకానిక్ ట్రేడ్, రెండేళ్ళు. ఏ బండి వచ్చినా ఎందుకు అని అడుగుతాడు. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు ఎందుకని అడిగితే నెత్తిన మొట్టికాయ పడేది. పానా తప్పు తెచ్చినా మొట్టికాయే. చూసి నేర్చుకోవాలంతే, మేస్త్రీ చేసింది చెయ్యాలి. అట్టా నేర్చుకున్న చెయ్యి కార్బొరేటర్ల కాలానికి సరిపోయింది, నాకు ఇల్లు కట్టించింది, ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఇప్పుడొచ్చే బండికి అది సగమే సరిపోతది.

వాడిని కూడా మొదటి ఆరు నెల్లు చక్రాలు విప్పడానికి, సామాన్లు కడగడానికే పెట్టా, అది నేను చేసిన ఇంకో పొరపాటు. ఒకరోజు వాడే "అన్నా, స్కానర్ సాయంత్రం ఖాళీగానే ఉంటదిగా, నన్ను చూసుకోనిస్తావా" అని అడిగాడు. ఆ రోజు నుంచి రోజూ ఆరు తర్వాత గంటసేపు బాగున్న బండ్లకి కూడా స్కానర్ పెట్టి లైవ్ డేటా అంకెలు నోట్‌బుక్కులో ఎక్కించుకునేవాడు. మంచి బండి అంకెలు తెలిసినోడికే చెడ్డ బండి అంకె కనిపిస్తది. 61 చూడగానే వాడు ఆగిపోయింది అందుకే.

డబ్బు లెక్క

వాడు 2022 జనవరిలో చేరినప్పుడు రోజుకి 250, మధ్యాహ్నం భోజనం. రెండో ఏడు నెలకి 12 వేలు, మూడో ఏడు 16, ఇప్పుడు 20 వేలు. శ్రీసిటీలో వాళ్ళ బంధువుల కుర్రాడికి కాంట్రాక్టులో 16 వేలు వస్తుంది, బస్సు, క్యాంటీన్, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. నా దగ్గర పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఇది చిన్న విషయం కాదు, తల్లిదండ్రులు భయపడేది దీనికే, వాళ్ళ భయంలో న్యాయం ఉంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా అందరికీ చేయించా, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తది, దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే దాంతో లాభం లేదు, అందుకే ఈ ఏడాది విడిగా హెల్త్ పాలసీ కడుతున్నా.

పనిముట్లకి వాడు సొంతంగా మూడేళ్ళలో ముప్పై వేలు దాకా పెట్టాడు, సాకెట్ సెట్టు, మల్టీమీటర్, టార్క్ రెంచి. నా స్కానర్ 65 వేలు, పైన ఏటా అప్‌డేట్‌కి డబ్బు కట్టాలి. షెడ్డు అద్దె 14 వేలు. జీతాలు, కరెంటు పోగా నాకు మంచి నెల్లో 60 వేలు మిగులుతది, చెడ్డ నెల్లో 25. చెడ్డ నెలలు మా వైపు రొయ్యల్ని బట్టి వస్తాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక గుంటల వాళ్ళు చేతిలో డబ్బు లేక బండి పని వాయిదా వేశారు, చేయించుకున్నోళ్ళు "రొయ్యల పట్టుబడి అయ్యాక ఇస్తా అన్నా" అని ఖాతాలో రాయించారు. ఈరోజుకి నా ఖాతాలో బయట ఉన్నది 2 లక్షల 80 వేలు. సొంత షెడ్డు పెట్టాలనుకునే కుర్రాడికి పని ఎంత రావాలో, ఈ అప్పు ఆపడం కూడా అంతే రావాలి, ఇది ఏ ఐటీఐలోనూ చెప్పరు.

ఒళ్ళు

నా కుడి మోకాలు పోయింది. మెట్లు ఎక్కాలంటే కష్టం. 2019లో లిఫ్ట్ కొనేదాకా ఇరవై మూడేళ్ళు నేల మీద పడుకునే పనిచేశా. 1999లో నేను హెల్పర్‌గా ఉన్న షెడ్డులో జాకీ జారి నా తోటి కుర్రాడి చెయ్యి నలిగింది, వాడు మళ్ళీ ఈ పని చెయ్యలేదు, ఆ కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకని స్టాండ్లు పెట్టకుండా నా షెడ్డులో బండి కిందికి ఎవరూ పోరు, పోతే ఆరోజు ఇంటికి పంపిస్తా. వాడిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోమని పోరుతుంటా. బ్రేకు డ్రమ్ములు గాలి కొట్టి దులపనివ్వను, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతది. మేలో టిన్ను రేకుల కింద పని ఎట్టా ఉంటదో నెల్లూరు జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

పద్దెనిమిది నిండనోళ్ళని నేను చేర్చుకోను. పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2016 సవరణ తర్వాత పూర్తిగా నేరం, అయినా అక్కడక్కడా పిల్లలు కనపడుతున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతది, నేనే ఆ పిల్లోడిని కాబట్టి.

కరెంటు బండ్లు వస్తే

ఆ తండ్రి ఇదీ అడిగాడు. వస్తున్నాయి, కావలిలో స్కూటర్లు, ఆటోలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి ఆయిల్ లేదు, క్లచ్ లేదు, ఇంజెక్టర్ లేదు. కానీ సస్పెన్షన్, బ్రేకులు, బేరింగులు, ఏసీ, వైరింగ్ ఉన్నాయి. కార్ల బ్యాటరీలో 300, 400 ఓల్టులు ఉంటది, తెలియకుండా చెయ్యి పెడితే ప్రాణం పోతది, ట్రైనింగ్ లేకుండా ముట్టుకోకూడదు. అదే సమయంలో కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు పోయి చూడండి, పదిహేనేళ్ళ నాటి బండ్లు ఇంకా రోడ్డు మీదే. ఈ పిల్లోడి వయసు 23. వాడి పని జీవితంలో సగం డీజిలు పెట్రోలు, సగం కరెంటు ఉంటాయని నా అంచనా. మల్టీమీటర్ పట్టుకుని కారణం వెతికేవాడికి రెండిట్లోనూ అన్నం ఉంది, సామాను విప్పి సామాను బిగించడం మాత్రమే వచ్చినోడికి రెండిట్లోనూ కష్టమే.

అందుకే పిల్లోడిని చేర్చే ముందు షెడ్డుని చూసుకోండి అంటా. హెల్పర్‌ని స్కానర్ ముట్టుకోనిస్తారా, జాకీ స్టాండ్లు ఉన్నాయా, పని రాసుకునే పుస్తకం ఉందా, జీతం నెలనెలా ఇస్తారా, మేస్త్రీ కొడతాడా. రెండు రోజులు పక్కన టీ కొట్టులో కూర్చుంటే అన్నీ తెలిసిపోతాయి. ఐటీఐ అయినోళ్ళు ఆర్టీసీ అప్రెంటిస్‌కి కూడా పెట్టుకోవాలి, మనకి నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న వాళ్ళ ట్రైనింగ్ కాలేజీ నుంచి నోటిఫికేషన్ వస్తది. పెద్ద బండ్ల మీద చెయ్యి తిరగడానికి అంతకంటే మంచి చోటు లేదు. పరీక్ష తప్పాడని కోపంతో పిల్లోడిని షెడ్డులో పడేసే నాయనలు కూడా వస్తుంటారు, వాళ్ళకి మాత్రం వద్దనే చెప్తా. వాడికి ఇష్టం ఉండదు, మొదటి ఏడాదే మానేస్తాడు.

డిసెంబరులో ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి సూటిగా చెప్పా. "తమ్ముడూ, శ్రీసిటీకి పంపొద్దు. ఇంకో రెండేళ్ళు నా దగ్గర ఉండనీ. వచ్చే నెల నుంచి జీతం కాక, వాడు ఫాల్ట్ పట్టుకున్న ప్రతి బండి కూలీలో పదో వంతు వాడికి ఇస్తా. ఆ తర్వాత సొంతంగా పెట్టుకుంటానంటే ముద్ర లోనులో కిశోర్ రకం కింద 5 లక్షల దాకా ఉంది, అంతకి మించి అప్పు చెయ్యనీయొద్దు, పొలం మాత్రం అమ్మొద్దు" అని.

ఆయన అంతా విని కాసేపాగి, "పని సంగతి సరేనన్నా, ఉలవపాడులో ఒక సంబంధం చూశాం, మెకానిక్ అనేసరికి వాళ్ళు వెనక్కి తగ్గుతున్నారు, నువ్వొచ్చి ఒక మాట చెప్తావా" అన్నాడు.

వస్తానన్నా. ఆదివారం పోతున్నాం, ఆ నోట్‌బుక్ కూడా సంచీలో పెట్టుకున్నా.